పానం మంచిగ లేదంటే ఏ డిపార్టుమెంటుకి పంపుతారు?

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు "పానం మంచిగ లేదు" అనే మాట రోజుకి పదిసార్లు వినబడుతుంది. దీన్ని "ఒంట్లో బాగోలేదు" అని పుస్తకభాషలోకి మారిస్తే సగం అర్థం పోతుంది. నడుము గుంజినా పానం మంచిగ లేనట్టే. రాత్రి నిద్రలోంచి ఉలిక్కిపడి లేచినా పానం మంచిగ లేనట్టే. దుబాయిలో ఉన్న కొడుకు వారం నుంచి ఫోన్ చెయ్యకపోయినా పానం మంచిగ లేనట్టే. ఒళ్ళు వేరు, మనసు వేరు అని మావాళ్ళు ఎప్పుడూ గీత గియ్యలేదు. ఆ గీత గీసింది ఆసుపత్రి ఓపీ చీటీ. చీటీ మీద ఏదో ఒక గది నంబరు వెయ్యాలి కదా. అందుకని పానాన్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కని ఎముకల డాక్టరు దగ్గరకి పంపుతారు, రెండో ముక్కని ఇంటికి పంపేస్తారు.

ఈ టపా ఆ రెండో ముక్క గురించి. ఏళ్ళ తరబడి నొప్పితో, ఎప్పుడో చూసిన ఘోరం తాలూకు భయంతో కలిపి బతుకుతున్నవాళ్ళకి ఆ రెండింటికీ ఒకేచోట, ఒకే ఫైలులో, ఒకే టీము వైద్యం చెయ్యాలి అన్నది నా వాదన. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. కానీ ఒకే సమస్యకి రావలసిన రెండు టికెట్లలో ఒకదాన్ని "మా మాడ్యూల్లో ఏ తప్పూ లేదు" అని మూసేసి, రెండోది అసలు తెరవనే తెరవకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు :)

ఎవరి గురించి చెబుతున్నాను

"పోస్ట్ ట్రమాటిక్ స్ట్రెస్" అనగానే మనవాళ్ళకి హాలీవుడ్ సినిమాలో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు గుర్తొస్తాడు. మన ఊళ్ళలో ఎవరికుంటుంది అదంతా, అంటారు. సరే, మా మూడు ఊళ్ళ చుట్టూ ఒక్కసారి తిరిగొద్దాం.

సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులోకి ఎప్పుడైనా వెళ్ళారా? పక్కన ఉన్న మనిషికి ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గర అరవాలి. పన్నెండు గంటల షిఫ్టు, కూర్చునే పని కాదు, మగ్గం నుంచి మగ్గానికి తిరుగుతూనే ఉండాలి. నలభై దాటేసరికి మోకాళ్ళు, నడుము, చెవులు మూడూ పోతాయి. దీనికి అప్పులు తోడు. 1990ల చివరి నుంచి ఇక్కడ ఎంతమంది నేత కార్మికులు ఆత్మహత్య చేసుకున్నారంటే ఊరికి "ఉరిసిల్ల" అనే పేరు పడింది. చావొద్దని గోడల మీద రాయించిన రోజులున్నాయి (గోడ మీద రాస్తే కౌన్సెలింగ్ అయిపోయినట్టే అనుకున్నారు కాబోలు). 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చాక కొంత ఊపిరి ఆడింది. 2024లో ఆ ఆర్డర్లు లేక మగ్గాలు ఆగాయి, మళ్ళీ అవే వార్తలు వచ్చాయి. ఆ వార్తల్లో పోయినవాళ్ళ లెక్క ఉంటుంది. పొద్దున్నే తలుపు తోసి ముందుగా చూసిన పిల్లాడి లెక్క ఎక్కడా ఉండదు.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు బీడీలు. ఒళ్ళో చాట పెట్టుకుని, మెడ వంచి, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీలకి ఇంత అని కట్టిస్తారు కాబట్టి మధ్యలో లేచి ఒళ్ళు విరుచుకుంటే ఆ నిమిషం కూలి పోయినట్టే. మెడ నొప్పి, భుజం నొప్పి, వేళ్ళు తిమ్మిర్లు లేని బీడీ కార్మికురాలిని నేను ఇంతవరకూ చూడలేదు. మా ఇంట్లోనే చూడలేదు. ఆ ఇళ్ళలో చాలావాటిలో మగమనిషి గల్ఫ్‌లో ఉంటాడు.

ఇక ఆ గల్ఫ్ సంగతి. ఎండలో సైటు పని, క్యాంపులో ఒక గదిలో పదిమంది, పాస్‌పోర్టు యజమాని దగ్గర, ఏజెంటుకి కట్టిన అప్పు ఊళ్ళో పెరుగుతూ ఉంటుంది. 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. కేంద్రం వారి ప్రవాసీ భారతీయ బీమా యోజనలో ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. రెండూ మంచివే. కానీ చూడండి, శవపేటికకి లెక్క ఉంది, తెగిన కాలికి లెక్క ఉంది. కళ్ళముందు తోటివాడు పడి చనిపోతే చూసి, నడుము దెబ్బతో, నిద్రలేని కళ్ళతో శంషాబాద్‌లో దిగినవాడికి ఏ గడిలోనూ టిక్కు లేదు.

వీళ్ళకంటే పాతవాళ్ళు ఉన్నారు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అదే ఏడాది అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత పాతికేళ్ళపాటు మా ఊళ్ళు రెండు తుపాకుల మధ్య బతికాయి. ఒకరొచ్చి "వాళ్ళకి అన్నం పెట్టినవా" అని కొట్టారు. ఇంకొకరొచ్చి "ఇన్‌ఫార్మర్‌వా" అని నిలదీశారు. ఎవరిది న్యాయం, ఎవరిది అన్యాయం అనే చర్చ ఇక్కడ వద్దు, అది వేరే టపా. నేను చెప్పేది ఆ దెబ్బలు తిన్నవాళ్ళ గురించి. వాళ్ళకిప్పుడు అరవై, డెబ్బై ఏళ్ళు. అరికాళ్ళ మంటలు, నడుము నొప్పి, రాత్రి కుక్క మొరిగితే లేచి కూర్చోవడం. కాకతాళీయంగా, పీటీఎస్‌డీ అనే పేరు అమెరికా సైకియాట్రిస్టుల డీఎస్ఎం పుస్తకంలో చేరింది 1980లో. అంటే జబ్బు పుస్తకంలోకి ఎక్కేనాటికే మా తాలూకాలకి ఎక్కేసింది.

చివరిది, అందరికీ గుర్తున్నది. 2018 సెప్టెంబరు 11, మంగళవారం. కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. సీట్లకి దాదాపు రెట్టింపు మంది ఉన్నారు అందులో. కొడిమ్యాల మండలంలోని శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, డబ్బుతిమ్మయ్యపల్లి లాంటి పల్లెల నుంచి జగిత్యాల బయలుదేరిన మామూలు జనం, ఎక్కువమంది ఆడవాళ్ళు. మంత్రులొచ్చారు, పరిహారం ప్రకటించారు, టీవీలు రెండ్రోజులు చూపించాయి. బతికి బయటపడ్డవాళ్ళు విరిగిన ఎముకలతో, పక్క సీట్లో ఊపిరాడక పోయినవాళ్ళ జ్ఞాపకంతో ఊళ్ళకి వెళ్ళారు. ఎముకలు అతికాయో లేదో చూడటానికి ఎక్స్‌రే ఉంది. రెండోదాన్ని చూడటానికి ఎవరున్నారు?

నొప్పి, భయం: రెండు జబ్బులా ఒకటా

"అయితే నొప్పికి ఒక డాక్టరు, మనసుకి ఒక డాక్టరు, ఇద్దరి దగ్గరికీ వెళ్తే సరిపోతుంది కదా" అనొచ్చు. సరిపోదు. ఎందుకో నాకు అర్థమైనంతలో చెబుతా.

నొప్పి మీద పరిశోధన చేసేవాళ్ళ అంతర్జాతీయ సంఘం 1979లోనే నొప్పిని ఇంద్రియానుభవం, మానసికానుభవం రెండూ కలిసినదిగా నిర్వచించింది. 2020లో ఆ నిర్వచనాన్ని సవరించినప్పుడు కూడా ఆ రెండింటినీ విడదియ్యలేదు. దెబ్బ తగిలిన చోటు మానిపోయినా, మూడు నెలలు దాటి నొప్పి ఉంటే నాడీవ్యవస్థే అలారం మోడ్‌లో ఇరుక్కుపోయి ఉండొచ్చు. చిన్న కదలికని కూడా మెదడు ప్రమాదంగా చదువుతుంది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా, ఐసీడీ 11లో దీర్ఘకాలిక నొప్పికి వేరే జబ్బు లక్షణంగా కాక సొంతంగా చోటిచ్చారు.

ఇప్పుడు పీటీఎస్‌డీ చూడండి. అక్కడా ఇరుక్కుపోయింది అలారమే. ఒళ్ళంతా బిగదీసుకుని ఉంటుంది, నిద్ర ఉండదు, జరిగినదాన్ని గుర్తుచేసే ప్రతిదానికీ మనిషి దూరంగా జరుగుతాడు. 2001లో షార్ప్, హార్వీ అనే ఇద్దరు పరిశోధకులు ఈ రెండూ ఒకదాన్నొకటి ఎలా పోషించుకుంటాయో ఒక పేపరులో వివరించారు. విషయం తేలికే. నొప్పి లేచినప్పుడల్లా ఆ రోజు గుర్తొస్తుంది. ఆ రోజు గుర్తొచ్చినప్పుడల్లా కండరాలు బిగుసుకుని నొప్పి లేస్తుంది. భయంతో కదలడం మానేస్తాడు, కదలక నడుము ఇంకా బలహీనమవుతుంది. మన భాషలో డెడ్‌లాక్. రెండు ప్రాసెస్‌లు ఒకదాని లాక్ కోసం ఒకటి కాచుకుని కూర్చున్నాయి. ఒకదాన్ని మాత్రమే ఎంత డీబగ్ చేసినా ముందుకి కదలదు.

మా బావ (మేనత్త కొడుకు) సంగతి చెబుతా. ఖతర్‌లో సైటు మీద స్కాఫోల్డింగ్ కూలింది. పక్కన పనిచేస్తున్న అబ్బాయి అక్కడికక్కడే పోయాడు. బావకి నడుము దెబ్బ. కోరుట్ల తిరిగొచ్చాక రెండేళ్ళలో ముగ్గురు ఎముకల డాక్టర్లు, రెండు ఎమ్మారైలు, ఒక బెల్టు, సంచీడు మాత్రలు. రెండో ఎమ్మారై చూసిన డాక్టరు "ఏం లేదు, అంతా నార్మల్, ఊకె భయపడుతున్నవ్" అన్నాడట. "ఏం లేకుంటే ఎందుకు నొస్తది సార్?" అని బావ అడిగిన ప్రశ్నకి జవాబు లేదు. ఆ రెండేళ్ళలో అతను డాబా మెట్లు ఎక్కలేదు. పిల్లలు పతంగులు ఎగరేస్తుంటే కిందనుంచే కేకలేసేవాడు. ఇది నడుము నొప్పి వల్లే అని ఇంట్లో అందరూ అనుకున్నారు. చివరికి హైదరాబాద్‌లో ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి "అన్నా, పడుకుంటే కలలొస్తాయా?" అని అడిగింది. రెండేళ్ళలో మొదటిసారి ఒకరు అడిగారు. "అడిగెటోళ్ళు లేక చెప్పలే బామ్మర్దీ" అన్నాడు నాతో. ఆ అమ్మాయే సైకియాట్రిస్టు దగ్గరకి పంపింది. కసరత్తులు, అటు ట్రామా కౌన్సెలింగ్ పక్కపక్కనే ఎనిమిది నెలలు నడిచాయి. నొప్పి పోయిందా? పోలేదు. కానీ పూట పూటా ఆటో తోలుతున్నాడు. డాబా ఎక్కుతున్నాడు. నేను అడిగే "వైద్యం" అంటే ఇది. అద్భుతం అక్కర్లేదు.

ఇంతకీ ఆ ఎమ్మారై మాట. 2015లో బ్రింజికీ బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, నొప్పే లేని వాళ్ళలో కూడా ఇరవై ఏళ్ళ వయసులో 37 శాతం మందికి, యాభైలో 80 శాతం మందికి డిస్కు అరుగుదల కనబడింది. అంటే "డిస్కు అరిగింది" అన్న రిపోర్టుతో నొప్పి ఉందనీ చెప్పలేం, "అంతా నార్మల్" అన్న రిపోర్టుతో నొప్పి లేదనీ చెప్పలేం. రోజుకి పదిగంటలు కుర్చీలో కూర్చునే మనలో ఎంతమంది ఎల్ 4 - ఎల్ 5 రిపోర్టు బీరువాలో పెట్టుకుని తిరగట్లేదు?

ఇప్పుడు నడుస్తున్న వైద్యం

ఆసుపత్రి రెండో ముక్కని ఇంటికి పంపేస్తుంది అన్నాను కదా. ఇంటికొచ్చాక అది ఊరుకోదు. వైద్యం తనే వెతుక్కుంటుంది.

ఒకటి, ఆరెంపీ దగ్గర సూది. పొద్దున డైక్లోఫెనాక్ వేయించుకుంటే సాయంత్రం దాకా మగ్గం నడపొచ్చు. ఎక్కువ నొప్పైతే స్టెరాయిడ్. ఏళ్ళ తరబడి ఇలా వాడితే కడుపు, కిడ్నీలు ఏమవుతాయో డాక్టర్లందరికీ తెలుసు. సూది వేయించుకునేవాళ్ళకి కూడా ఎంతోకొంత తెలుసు. రేపటి కిడ్నీ కంటే ఇవాళ్టి కూలి ముఖ్యం, అంతే.

రెండు, కల్లు. ఇది కాస్త జాగ్రత్తగా చెప్పాలి. తెలంగాణలో చాలా కల్లు దుకాణాల్లో అమ్మేది చెట్టు కల్లు కాదు, ఆల్ప్రజోలం, డయజిపాం లాంటి మత్తుమందులు కలిపినది. 2015లో ఎక్సైజు వాళ్ళు గట్టిగా దాడులు చేస్తే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులు వణుకుతూ, పిచ్చిగా ప్రవర్తిస్తూ వచ్చిన మనుషులతో నిండిపోయాయి. మందు ఒక్కసారిగా ఆగిపోతే వచ్చే లక్షణాలవి. ఆల్ప్రజోలం అంటే ఆందోళనకీ, నిద్రకీ సైకియాట్రిస్టు చీటీ మీద ఇవ్వవలసిన మందు. అంటే మా పల్లెల్లో సైకియాట్రీ లేదని ఎవరన్నారు? ఊరూరా ఉంది, సీసాలో ఉంది, డాక్టరే లేడు. పైగా పీటీఎస్‌డీకి ఈ రకం మందులు వాడొద్దని అమెరికా మాజీ సైనికుల వైద్య విభాగం మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. తాత్కాలికంగా మగత ఇచ్చి అసలు జబ్బుని అలాగే ఉంచుతాయి, అలవాటు అదనం.

మూడు, దేవుడు. కొండగట్టు అంజన్న దగ్గర మండలం రోజులు ఉంటే పానం కుదుటపడుతుందని మావైపు నమ్మకం. జడుసుకున్నవాళ్ళకి జడుపు తీస్తారు, దర్గాలో తాయెత్తు కడతారు. నేను వీటిని వెక్కిరించను. నలభై రోజులు పనికి దూరంగా, తోడుగా ఒకరు, టైముకి తిండి, నిద్ర, నలుగురితో కూర్చోవడం... ఇవన్నీ పనిచేసేవే. నా కోపం నమ్మకం మీద కాదు. "నిద్ర పడుతోందా" అని అడిగే చోటు మా జిల్లాలో గుడీ దర్గా తప్ప ఇంకోటి లేకపోవడం మీద.

"ఇంటిగ్రేటివ్" అనే మాటని ఎత్తుకుపోయినవాళ్ళు

ఇంగ్లీషులో దీన్ని ఇంటిగ్రేటివ్ వైద్యం అంటారు. హైదరాబాద్‌లో ఈ బోర్డు చూస్తే జాగ్రత్తపడాల్సిన పరిస్థితి వచ్చింది. మసాజ్, సెలైన్‌లో విటమిన్లు, నాలుగు యోగాసనాలు, ఒక డైట్ చార్టు, అన్నీ కలిపి ప్యాకేజీ. పక్కనే ఇంకొక బ్యాచ్ ఉంది, వాళ్ళకి ఇంటిగ్రేషన్ అంటే అల్లోపతి మాత్ర మీద ఆయుర్వేదం మాత్ర, దాని మీద హోమియో మాత్ర. నాలుగు లైబ్రరీలు ఒకే ప్రాజెక్టులో దించేస్తే ఇంటిగ్రేషన్ అయిపోదు కదా, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి.

అసలు అర్థం వేరు. 1982లో కోపెన్‌హాగెన్‌లో ఇంగే గెనెఫ్కే అనే డాక్టరు చిత్రహింసలు అనుభవించినవాళ్ళ కోసం ఒక కేంద్రం పెట్టారు. ఫిజియోథెరపిస్టు, సైకోథెరపిస్టు, డాక్టరు, సోషల్ వర్కరు ఒకే మనిషి గురించి ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. మా తాలూకాల్లో మనుషులు దెబ్బలు తింటున్న రోజులే అవి కూడా.

అంత దూరం ఎందుకు, భోపాల్ చూడండి. గ్యాస్ బాధితుల కోసం 1996లో మొదలైన సంభావనా క్లినిక్‌లో అల్లోపతి, ఆయుర్వేదం, యోగా ఒకే కప్పు కింద ఉచితంగా ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో, ఏమైందో రాసిపెట్టుకుంటారు. యోగా, ధ్యానం కలపడం మీద నాకు అభ్యంతరం లేదు. 1979లో అమెరికాలో జాన్ కబట్ జిన్ మైండ్‌ఫుల్‌నెస్ కార్యక్రమం మొదలుపెట్టింది కూడా, డాక్టర్లు చేతులెత్తేసిన దీర్ఘకాలిక నొప్పి రోగులతోనే. తేడా ఎక్కడంటే, అక్కడ లెక్క రాశారు, ఫలితం చూశారు. ఇక్కడ బోర్డు రాశారు, బిల్లు చూశారు.

వచ్చే అభ్యంతరాలు

ఒకటి, "మన పల్లెటూరివాళ్ళు గట్టివాళ్ళు, డిప్రెషన్ గిప్రెషన్ అన్నీ మనలాంటి ఏసీ గదులవాళ్ళకే." ఈ మాట నా టీములో ఒకాయన అన్నాడు. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి అసలు వైద్యమే అందడం లేదు. వైద్యానికి రాకపోవడాన్ని జబ్బు లేకపోవడంగా లెక్కేస్తే, లాగ్‌లు ఆపేసి "ఎర్రర్లు జీరో" అని రిపోర్టు పంపినట్టే.

రెండు, ఇది బలమైన అభ్యంతరం. "నేతన్నకి కావలసింది ఆర్డరు, బీడీ అక్కకి కావలసింది కూలి, గల్ఫ్ తమ్ముడికి కావలసింది అప్పు మాఫీ. ఆకలికి కౌన్సెలింగ్ ఏంటి?" నిజం. అప్పుని జబ్బుగా మార్చి మాత్ర ఇచ్చి పంపే వైద్యం నాకూ వద్దు. ప్రభుత్వాలు బాధ్యత తప్పించుకోవడానికి "ధైర్యం చెప్పడం" ఎంత చవకైన దారో సిరిసిల్ల గోడలే చెబుతాయి. కానీ ఆర్డరు వచ్చిన రోజున మగ్గం దగ్గర నిలబడటానికి నడుము ఉండాలి కదా. అప్పు తీరినా ఆ రాత్రి కలలు ఆగవు కదా. కూలీ వైద్యమూ ఒకదానికొకటి పోటీ కాదు. పైగా నేను అడుగుతున్న టీములో సోషల్ వర్కరు ఉండాలంటున్నది అందుకే. పింఛను కాగితం, బీమా కాగితం, ఏజెంటు మీద ఫిర్యాదు... ఇవి కూడా వైద్యంలో భాగమే.

మూడు, "సైకియాట్రిస్టులే లేరు, ఎక్కడినుంచి తెస్తారు?" దీనికి జవాబు ఇప్పటికే ఉంది. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో అవ్వలకి శిక్షణ ఇచ్చి, క్లినిక్ బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు. వాళ్ళు "మీకు డిప్రెషన్ ఉందా" అని అడగలేదు. "కుఫుంగిసిసా" అనే షోనా భాష మాట వాడారు, మరీ ఎక్కువగా ఆలోచించడం అని అర్థం. మా భాషలో "రంది". 2016లో ఆ ప్రయోగం ఫలితాలు జామా పత్రికలో వచ్చాయి, పనిచేసింది. మన దేశంలోనే, గోవాలో విక్రమ్ పటేల్ బృందం డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి డిప్రెషన్‌కి చేసిన కౌన్సెలింగ్ కూడా పనిచేసిందని 2017లో లాన్సెట్‌లో వచ్చింది. పీటీఎస్‌డీ ముదిరిన కేసులకి నిపుణులు కావలసిందే. కానీ మొదటి ప్రశ్న అడగడానికి ఆశా కార్యకర్త చాలు. "మీరు గత రెండు వారాలలో నిస్పృహకు లోనయ్యారా" అని అచ్చు పుస్తకంలోంచి కాదు, "పెద్దమ్మా, రంది పెట్టుకుంటున్నవా, బుగులైతుందా, రాత్రి నిద్ర పడుతుందా" అని అడగాలి.

మరి ఏం కావాలి

పెద్ద కోరికలేమీ కాదు. జగిత్యాలలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. సిరిసిల్లలో 2023లో వచ్చింది. మెడికల్ కాలేజీ అన్నాక ఆర్థోపెడిక్స్, సైకియాట్రీ, కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలు ఉండాల్సిందే, అది నిబంధన. అంటే రెండు ముక్కలనీ చూడవలసిన విభాగాలు ఒకే కాలేజీ గొడుగు కిందకి వచ్చేశాయి. కొత్తగా కట్టాల్సింది బిల్డింగు కాదు, రెండు గదుల మధ్య దారి.

1. వారానికి ఒక్కరోజు ఉమ్మడి ఓపీ. మూడు నెలలు దాటిన నొప్పితో వచ్చిన ప్రతివాళ్ళనీ ఎముకల డాక్టరు, సైకియాట్రిస్టు, ఫిజియోథెరపిస్టు, సోషల్ వర్కరు కలిసి చూడాలి. ఒకే ఫైలు.

2. మిగతా రోజుల్లో ఆర్థో ఓపీ చీటీ మీద రెండే ప్రశ్నలు అచ్చు వెయ్యాలి. నిద్ర పడుతోందా? జరిగిన ఘోరం ఏదైనా పదేపదే గుర్తొస్తోందా? జవాబు చూసి పంపాల్సిన చోటికి పంపాలి.

3. గల్ఫ్ నుంచి గాయంతో తిరిగొచ్చినవాళ్ళనీ, కొండగట్టు లాంటి ప్రమాదాల్లో బతికినవాళ్ళనీ కనీసం ఏడాదిపాటు ఫాలోఅప్ చెయ్యాలి. చనిపోయినవాళ్ళకి జీవో ఉన్నట్టే బతికినవాళ్ళకీ ఒక జీవో.

4. డబ్బు లెక్క మారాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో ప్రాణాలు కాపాడింది, కాదనను. కానీ దాని నిర్మాణమే ఆపరేషన్ చుట్టూ, ప్యాకేజీ చుట్టూ కట్టారు. నడుము కోస్తే డబ్బొస్తుంది, నలభై నిమిషాలు కూర్చుని వింటే రాదు. ఆసుపత్రి ఏది ఎక్కువ చేస్తుందో ఊహించడానికి కష్టపడక్కర్లేదు.

నాలుగోది మనకీ వర్తిస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఒంటి జబ్బుకి బీమా ఎలా ఇస్తారో మనసు జబ్బుకీ అలాగే ఇవ్వాలి. మీ కంపెనీ పాలసీ ఒకసారి తెరిచి చూడండి. చాలా పాలసీల్లో ఆసుపత్రిలో చేరితేనే డబ్బు, ఓపీకి లేదు. థెరపీ అంతా ఓపీలోనే జరుగుతుంది. హక్కు కాగితం మీద ఉంది, దాన్ని వాడుకునే చోటు పాలసీలో లేదు. హెచ్చార్ వాళ్ళు పెట్టే వెల్‌నెస్ వారంలో ఉచిత టీషర్టుతో పాటు ఈ ప్రశ్న కూడా అడగొచ్చు మనం.

ఇంకో మాట కూడా అనేస్తాను, కొందరికి కోపం రావచ్చు. మనం ఊరికి ఏదో చెయ్యాలని డబ్బులు పోగేసినప్పుడల్లా ఏం కడతాం? కమాను, విగ్రహం, మినరల్ వాటర్ ప్లాంటు. మీద మన పేర్లు చెక్కించే వీలుంటుంది కాబట్టి. ఒక ఫిజియోథెరపిస్టుకి, ఒక కౌన్సెలర్‌కి ఏడాది జీతం మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నలభైమంది తలా కొంచెం వేసుకుంటే వస్తుంది. పేరు చెక్కించడానికి రాయి ఉండదు, అంతే తేడా. సంభావనా క్లినిక్ కూడా మామూలు మనుషులు ఇచ్చిన విరాళాలతో నిలబడిందే.

ఈలోపు చెయ్యగలిగింది చిన్నది. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదని ఎవరైనా అంటే తేలిగ్గా తీసుకోకండి, వాళ్ళ పక్కన కూర్చుని మీ ఫోన్‌లోంచే చెయ్యండి. ఇక దసరాకో సంక్రాంతికో ఊరెళ్ళినప్పుడు, నడుము నొప్పంటున్న పెద్దమ్మకి అమెరికా నుంచి తెచ్చిన స్ప్రే చేతిలో పెట్టి వదిలెయ్యకండి. స్ప్రే ఇవ్వండి, పక్కనే పది నిమిషాలు కూర్చుని "నిద్ర పడుతుందా?" అని అడగండి. జవాబు పది నిమిషాల్లో అయిపోదు, అది మాత్రం ముందే చెబుతున్నా.

జగిత్యాల, సిరిసిల్ల మెడికల్ కాలేజీల్లో పనిచేస్తున్న డాక్టర్లు, అక్కడ చదువుకుంటున్న పిల్లలు ఎవరైనా ఇది చదివితే, ఆ ఉమ్మడి ఓపీకి అడ్డం ఏముందో రాయండి. గదా, మనుషులా, ఉత్తర్వా? అది తేలితే ఎవర్ని అడగాలో నాకూ తెలుస్తుంది.